నలభై అడుగులు

ఆటోనగర్‌లో కమాన్ కట్టల కరిముల్లా అంటే నలుగురికి తెలుసు. సైకిల్ కరిముల్లా అంటే నాలుగు రోడ్లకీ తెలుసు. లారీ తప్ప మరో బండిని బండిగా లెక్కచెయ్యని ఆ పేటలో, నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, పొట్టి నిక్కరు తొడుక్కుని గేర్ల సైకిలెక్కి బందరు కాలువ వెంబడి కంకిపాడు దాకా పోయి, ఎండెక్కేలోపు తిరిగొచ్చి కొలిమి ముట్టించేవాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఎందుకయ్యా ఈ తిరుగుడు అని టీకొట్టు దగ్గర అడిగేవాళ్ళు. ఒంటికి మంచిదని చెబితే ఒప్పుకునేవాళ్ళు. పందెం కోసమని చెబితే నవ్వేవాళ్ళు.

నవ్వారంటే నవ్వరూ మరి. కొండపల్లి కొండ మీద ఏటా జరిగే సైకిల్ పందెంలో అతను ఎనిమిదేళ్ళు తొక్కి, ఎనిమిదేళ్ళూ ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. రెండుసార్లు నాలుగో స్థానం వచ్చింది. కప్పులిచ్చేది ముగ్గురికే. నాలుగోవాడికి చప్పట్లు కూడా ఉండవు. అతని భార్య బీబీజాన్ అయితే, మూడుకీ నాలుగుకీ మధ్య అంత దూరం ఉంటుందని మిమ్మల్ని చూశాకే తెలిసిందండీ అని మెల్లగా అంటించేది.

వానలు వెనకబట్టాక మొదలై, ఎండలు ముదిరేలోగా ముగిసిపోయే పందేల్లో కొండపల్లిదే ఆఖరిది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ తరవాత వచ్చే ఆదివారం పెట్టేవాళ్ళు. ఉద్యోగాల కోసం తొక్కే రైల్వే కుర్రాళ్ళకి వేరే పందెం ఉండేది. కరిముల్లా తొక్కేది సరదా రాయుళ్ళ పందెం. బ్యాంకు గుమాస్తాలూ, డ్రిల్లు మాస్టార్లూ, పొట్ట తగ్గించుకోమని డాక్టరు చెబితే సైకిలెక్కిన వ్యాపారస్తులూ అందులో ఉంటారు. సరదా అన్నమాటే గానీ, పొద్దున్నే గీత దగ్గర నిలబడ్డ వాళ్ళ మొహాల్లో సరదా ఏ కోశానా కనపడదు. అందులోనూ మన డెల్టా వాళ్ళకి ఎత్తు అంటే కాలువ గట్టే. రాళ్ళ దారిన కొండెక్కమంటే పంట కాలవలో చేపని గట్టున పడేసినట్టే.

ఇన్నేళ్ళూ నవ్వకుండా ఉన్నది ఇద్దరే. ఒకరు కృష్ణారావుగారు. వెంకటకృష్ణారావు అని పెళ్ళి శుభలేఖలో ఉండుంటుంది గానీ అంత పేరు పిలిచే తీరిక ఆటోనగర్‌లో ఎవరికీ లేదు. కంకిపాడు రైతు, పొలం కౌలుకిచ్చి ఆటోనగర్‌లో ట్రాక్టరు సామాన్ల కొట్టు పెట్టాడు. కాలవ గట్టు మీద పొద్దున నడకకి వచ్చి, ఎదురుగాలిలో తలొంచుకు తొక్కే కరిముల్లాని నాలుగు రోజులు చూసి, అయిదో రోజు ఆపి మాట కలిపాడు. అప్పట్నుంచీ ప్రతి పందేనికీ సైకిల్ని తన వ్యానులో ఎక్కించుకుపోయేది ఆయనే, మలుపులో నిలబడి నీళ్ళ సీసా అందించేదీ ఆయనే.

రెండో మనిషి నబీ సాహెబ్. కరిముల్లాకి ఉస్తాద్. ఇంటర్ తప్పి, ఏం చెయ్యాలో తోచక తిరుగుతున్న పందొమ్మిదేళ్ళవాణ్ణి పిలిచి పట్టకారు చేతికిచ్చినవాడు. లారీల కింద వాలిపోయిన కమాను ఆకుల్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో కొట్టి మళ్ళీ వంపు తెప్పించడంలో నబీ సాహెబ్‌ది పెద్ద చెయ్యి. నోరు అంతకంటే పెద్దది. తిట్టకుండా ఒక్క పనీ నేర్పలేదు, నేర్పకుండా ఒక్క తిట్టూ తిట్టలేదు. పాత ఇనుప సామాన్లలో దొరికిన గేర్ల సైకిల్ని బాగుచేసుకుంటానని కరిముల్లా తెస్తే, కొండెక్కడానికి దేవుడు కాళ్ళిచ్చాడు కదరా, ఈ తుక్కెందుకని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే ముందు చక్రాన్ని పట్టుకునే వంకరపోయిన జంట చువ్వల్ని కొలిమిలో పెట్టి తన చేత్తోనే సరిచేశాడు. అదే సైకిలు, అవే చువ్వలు చివరిదాకా.

నబీ సాహెబ్‌కి ఒక పట్టుదల ఉండేది. కొట్టు ముందునుంచి ఏ జనాజా పోతున్నా సరే, ఎవరి శవాన్ని మోసుకెళ్తున్నా సరే, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని పరిగెత్తి భుజం పట్టేవాడు. నలభై అడుగులు మోసి, ఇంకొకరికి అందించి తిరిగొచ్చేవాడు. వెనకాలే కరిముల్లా కూడా పోవాల్సిందే. ఒకసారి అర్జెంటుగా కావాలని లారీ యజమాని నెత్తిన కూర్చున్న వేళ, కొలిమిలో ఆకు ఎర్రబడి ఉండగా జనాజా వచ్చింది. ఉస్తాద్ లేచాడు. వీళ్ళు తిరిగొచ్చేసరికి ఆకు మాడి పనికిరాకుండా పోయింది. యజమాని లబోదిబోమన్నాడు. ఎవరో తెలియని మనిషి కోసం మంచి ఆకు పాడుచేశాం కదా ఉస్తాద్ అని కరిముల్లా గొణిగాడు. ఆ రోజు మాత్రం నబీ సాహెబ్ తిట్టలేదు.

"తెలిసినోడికి భుజం పట్టడం మర్యాద రా. తెలీనోడికి పట్టడమే పుణ్యం. ఎవరోలే అని కూర్చున్నావంటే, రేపు నిన్ను మోసుకెళ్ళేటప్పుడు నువ్వూ ఎవరో ఒకడివే."

ఆ మాట కరిముల్లాలో ఉండిపోయింది. తర్వాత ఇరవయ్యేళ్ళపాటు అతను చూస్తూ వదిలేసిన జనాజా ఒక్కటి కూడా లేదు.

రెండువేల నాలుగులో నబీ సాహెబ్‌కి మూత్రపిండాలు పాడయ్యాయి. సమ్మెట ఎత్తలేని చేతులతో కొట్టు కరిముల్లాకి అప్పగించి, కొండపల్లిలో కూతురు అర్ఫా ఇంటికి చేరాడు. అల్లుడు అష్ఫాక్ థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు ఫిట్టరు, నెమ్మదైనవాడు, మామని తండ్రిలా చూసుకున్నాడు. కరిముల్లా ప్రతి గురువారం వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని వచ్చేవాడు. తన దగ్గర సెల్‌ఫోన్ లేదు కాబట్టి కృష్ణారావుగారి నంబరు అష్ఫాక్‌కి రాసిచ్చి, ఏ అవసరం వచ్చినా దీనికి చెయ్యి, ఆయనకి చెబితే నాకు చెప్పినట్టే అన్నాడు.

మరుసటి ఏడు శివరాత్రి వెళ్ళాక వచ్చిన గురువారం వెళ్ళేసరికి ఉస్తాద్ మొహం, కాళ్ళు బాగా ఉబ్బి ఉన్నాయి. మాట మాత్రం ఉబ్బలేదు, ఎప్పటిలాగే సూటిగా ఉంది. ఆదివారం పందెం మా ఊళ్ళోనే కదరా అన్నాడు. అవును ఉస్తాద్ అన్నాడు కరిముల్లా.

"ఈసారి కప్పుతో రా. నా చేత్తో సరిచేసిన చువ్వలు ఎనిమిదేళ్ళుగా నాలుగు దాటలేదేంట్రా, నామర్దా కాదూ? ఉత్త చేతులతో వస్తే అర్ఫాని తలుపు తియ్యొద్దంటా."

అర్ఫా నవ్వింది. కరిముల్లా నవ్వలేదు. ఈ మనిషి వచ్చే శివరాత్రి దాకా ఉండడని అతనికి ఆ కాళ్ళు చూడగానే తెలిసిపోయింది. ఎనిమిదేళ్ళూ తన కోసం తొక్కాడు. తొమ్మిదో ఏడు ఒక్క మనిషికి చూపించడం కోసం కప్పు కావాలి, ఆ మనిషి చూడగలిగినప్పుడే కావాలి. మరో ఏడాది గడువు లేదు.

ఆదివారం ఆరుగంటలకి వ్యాను కొండపల్లి చేరింది. అర్ఫా వాళ్ళ వీధి మొదట్లో కృష్ణారావుగారు బండి నెమ్మది చేసి, ఒకసారి చూసిపోదామా అని అడిగాడు. కరిముల్లాకి మనసు పీకింది. కానీ కప్పుతో రమ్మన్నాడు కదండీ, అయ్యాకే వెళదాం అన్నాడు. వ్యాను ముందుకి పోయింది. అప్పటికే ఆ ఇంట్లో నబీ సాహెబ్ పోయి రెండు గంటలైంది. వీధిలోకి తిరిగి ఉంటే గుమ్మం ముందు జనం కనపడేవాళ్ళు.

ఆరున్నరకి అష్ఫాక్ ఫోన్ చేశాడు. కరిముల్లా అప్పుడు మైదానం అవతల ఛాతీకి నంబరు గుడ్డ కట్టించుకుంటున్నాడు. ఇరవయ్యేడు. ఫోన్‌లో చెప్పింది ఇంతే: మామ తెల్లారుజామున పోయారు, మట్టి జొహర్ నమాజు తర్వాత, కరిముల్లన్నకి చెప్పండి. ఈ కబురు కరిముల్లా చెవినపడటానికి ఇంకో మూడు గంటలు పట్టింది.

కృష్ణారావుగారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ లేదు. జొహర్ అంటే మధ్యాహ్నం ఒకటిన్నర అని ఆటోనగర్‌లో ఉన్న ఎవరికైనా తెలుసు. పందెం తొమ్మిదిన్నరకల్లా అయిపోతుంది. ఇల్లు మైలు దూరం లేదు. ఇప్పుడు చెబితే సైకిల్ అక్కడే పడేసి పోతాడు, కప్పు తెమ్మని చచ్చిపోయినాయన అడిగిన ఒక్క కోరికా పోతుంది. చచ్చినాయన ఎలాగూ లేచి రాడు, బతికినవాడి ఆశ ఎందుకు తీసెయ్యాలి అనుకున్నాడు. మనవాళ్ళ పద్ధతే అంత. చావు కబురు మోసుకొచ్చినవాడు ముందు వంటింట్లోకి తొంగిచూస్తాడు, వాళ్ళు తిన్నారా లేదా అని. తినకపోతే ఒంట్లో బాగోలేదట అని చెప్పి, రెండు ముద్దలు తినిపించి, అప్పుడు అసలు సంగతి చెబుతాడు. కృష్ణారావుగారి అన్న పోయినప్పుడు వాళ్ళమ్మకి అలాగే చెప్పారు. ఏడవటానికైనా ఓపిక ఉండాలి కదా అని లెక్క. లెక్క మంచిదే. కాకపోతే ఆవిడ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, నా బిడ్డ శవం అక్కడుంటే నాకు పెరుగన్నం పెట్టార్రా అని అంటూనే ఉండేది. ఆ సంగతి ఆయనకి ఆ పూట గుర్తు రాలేదు.

ఎవరిదండీ ఫోన్ అని కరిముల్లా తిరిగొచ్చి అడిగితే, కొట్టు నుంచి అని చెప్పి మొహం తుడుచుకున్నాడు.

ఏడున్నరకి ఈల వేశారు. రెండు చుట్లు. ఊరి చివర తారురోడ్డు, అక్కణ్ణుంచి అడవి బాట, కొండ సగం దాకా ఎక్కుడు, రాళ్ళ దారిన దిగుడు, మళ్ళీ తారురోడ్డు. మొదటి చుట్టులో కరిముల్లా ఏడో మనిషి. రెండో ఎక్కుడులో ముందున్న ఇద్దరు కుర్రాళ్ళు ఊపిరందక దిగి సైకిళ్ళు తోసుకుంటున్నారు. ఒక డ్రిల్లు మాస్టారుకి గొలుసు ఊడింది. ఇంకొకాయన మలుపులో జారి కూర్చున్నాడు. కరిముల్లా దిగలేదు. తొడలు కొలిమిలో పెట్టినట్టు మండుతున్నా, గురువారం నాడు చూసిన ఆ కాళ్ళని కళ్ళముందు పెట్టుకుని తొక్కాడు. మలుపులో నీళ్ళ సీసా అందిస్తూ కృష్ణారావుగారు, మూడు, నువ్వు మూడు అని అరిచాడు. ఆ మలుపులో సిగ్నల్ లేదు. జేబులో ఉన్న ఫోన్‌కి అష్ఫాక్ వరసగా చేస్తూనే ఉన్నాడు. ఒళ్ళు ఉబ్బిన మనిషి, ఎండ చూస్తే ముదురుతోంది, గుంటూరు చుట్టాలు కూడా వచ్చేశారు, ఇంక జొహర్ దాకా ఆగొద్దని పెద్దలు తేల్చారు. మట్టికి తొందరే మేలంటారు వాళ్ళు. అది కృష్ణారావుగారికి తెలియదు. ఎన్నేళ్ళు ఒకే పేటలో బతికినా తెలియనివి కొన్ని ఉంటాయి.

రాళ్ళ దారి దిగి కరిముల్లా తారురోడ్డెక్కాడు. ఇంకా అరమైలు. చదునైన రోడ్డు, ఎదురుగాలి. డెల్టావాడికి అంతకంటే కావలసిందేముంది? వెనక ఇరవై గజాల్లో ఎర్ర టీషర్టు బ్యాంకాయన వస్తున్నాడు. అప్పుడు ఎడమచేతి సందులోంచి తెల్లటోపీలు కనపడ్డాయి. పైన పచ్చటి గుడ్డ, బంతిపూలు. జనాజా రోడ్డుకి అడ్డంగా వస్తోంది.

అతని వేళ్ళు వాటంతటవే బ్రేకుల మీద బిగిశాయి. కుడికాలు దిగడానికి లేచింది కూడా. ఇరవయ్యేళ్ళ అలవాటు. ఇంతలో ముందు మోస్తున్న మనిషి చెయ్యెత్తి వెనకవాళ్ళని ఆపాడు. పోనివ్వండి, పోనివ్వండి అన్న మాట వినపడింది. జనాజా ఆగింది. అతని కోసం ఆగి, దారి ఇచ్చింది.

నలభై అడుగులు. దిగితే బ్యాంకాయన పోతాడు, వాడి వెనకవాడూ పోతాడు. ఎవరో పాపం, పందెం అవగానే వచ్చి ఖబరస్తాన్‌లో గుంట దాకా నడుస్తానని మనసులోనే దేవుడికి మొక్కుకున్నాడు. కుడిచెయ్యి గుండె మీద పెట్టి, తలొంచి, చెమట కళ్ళలోకి కారుతుండగా వాళ్ళ ముందునుంచే తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. వెనకనుంచి కరిముల్లన్నా అని ఎవరో పిలిచారు. పొద్దుణ్ణుంచీ దారి పొడవునా పేరు పెట్టి అరుస్తూనే ఉన్నారు. ఉత్సాహపరుస్తున్నారనుకుని ఇంకా గట్టిగా తొక్కాడు.

మూడోవాడిగా గీత దాటాడు.

రెండు చెవుల కప్పు ఇచ్చారు. దాన్ని చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ తుడిచాడు. కృష్ణారావుగారు కావలించుకుని ఏడిస్తే సంతోషమనుకున్నాడు. ఉస్తాద్ దగ్గరికి పోదాం పదండి, అక్కడే తింటాను, అర్ఫా ఏదైనా పెడుతుంది అన్నాడు. ముందు తిను అని ఆయన ఇడ్లీ పొట్లం విప్పి చేతిలో పెట్టాడు. ఆకలి నకనకలాడుతోంది. తింటూ ఎక్కుడు గురించి, ఊడిన గొలుసు గురించి చెప్పుకొచ్చాడు. మూడో ఇడ్లీ తుంచుతూ కాస్త ఆగాడు.

"ఒక్కటే తప్పు చేశానండీ. ఖబరస్తాన్ సందు దగ్గర ఎవరిదో జనాజా అడ్డమొచ్చింది. దిగలేదు. ఉస్తాద్‌కి తెలిస్తే కప్పు పెట్టే కొడతాడు."

కృష్ణారావుగారు జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. అందని కాల్స్ గురించి వచ్చిన మెసేజీలు ఆరు, ఆరూ అష్ఫాక్‌వే. ఆ నంబరు చూస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"నబీ సాహెబ్ పోయారయ్యా. తెల్లారుజామున. నాకు ఆరున్నరకే తెలుసు. మధ్యాహ్నం అన్నారు, మధ్యాహ్నం కదా అనుకున్నాను."

కరిముల్లా నోట్లో ఉన్నదాన్ని మింగలేక, ఉమ్మలేక అలాగే నిలబడ్డాడు. ఆ పచ్చటి గుడ్డ ఒక్కటే కళ్ళముందు ఆగి ఉంది, అది ఎప్పటికీ అక్కడినుంచి కదలనట్టు.

వాళ్ళు చేరేసరికి గుంట పూడ్చేశారు. మగవాళ్ళు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. ఛాతీ మీద ఇరవయ్యేడు నంబరుతో, పొట్టి నిక్కరుతో కరిముల్లా వాళ్ళ మధ్యనుంచి నడిచాడు. ఎవరూ పలకరించలేదు. అష్ఫాక్ ఎదురొచ్చాడు. అతని గొంతులో కోపం లేదు, అదే భరించడం కష్టమైంది.

"ఫోన్ చేస్తూనే ఉన్నా అన్నా. రోడ్డు మీద నువ్వు కనపడేసరికి, తెలిసే తొక్కుతున్నావనుకున్నా. మామ కప్పడిగాడు కదా, అందుకేమో అనుకుని నేనే ఆపించా. తర్వాత మనసాగక పిలిచా. నువ్వు చూళ్ళేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఇరవయ్యేళ్ళు అన్నం పెట్టిన ఉస్తాద్ శవాన్ని రోడ్డు మీద నిలబెట్టి కప్పు కోసం పోయిన మనిషిని చూడటం ఎవరికైనా ఇబ్బందే. కృష్ణారావుగారు ముందుకొచ్చి చేతులు జోడించాడు. అతనికి తెలీదు బాబూ, ఫోన్ వచ్చిన సంగతి నేనే దాచాను, పాపమంతా నాది అని అందరికీ వినపడేలా చెప్పాడు. అందరూ కరిముల్లా వైపు తిరిగారు, కాస్త ఊరటగానే. అతని మీద చెడ్డగా అనుకోవడం వాళ్ళకీ ఇష్టం లేదు.

"నిజంగా తెలీదా అన్నా?" అన్నాడు అష్ఫాక్.

"తెలీదు," అన్నాడు కరిముల్లా. "ఎవరో అనుకున్నాను."

అన్న తర్వాత ఆ మాట అతనికే వినపడింది. కొలిమిలో మాడిపోయిన ఆకు వాసనతో సహా వినపడింది. ఈ లోకంలో ఎవరికైనా ఆ సంజాయిషీ చాలు. అష్ఫాక్‌కి చాలింది, చుట్టాలకి చాలింది, రేపు అర్ఫాకీ చాలుతుంది. మట్టికింద ఉన్న ఆ ఒక్క మనిషి దగ్గర మాత్రం అది చెల్లదు. తెలిసి వదిలేశావంటే తిట్టి ఊరుకునేవాడేమో. ఎవరో అనుకుని వదిలేశానంటే మొహం చూసేవాడు కాదు. కృష్ణారావుగారు దాచింది ఉస్తాద్ పేరు మాత్రమే. జనాజాని దాచలేదు. అది పట్టపగలు, నడిరోడ్డు మీద, తన కళ్ళెదుటే ఆగింది.

అష్ఫాక్ చొక్కా కుడిభుజం మీద మోత కర్ర ఒరిపిడికి నలిగి, మట్టయి ఉంది. అక్కడున్న ప్రతి మగవాడి భుజం అలాగే ఉంది. కరిముల్లా తన భుజం చూసుకున్నాడు. చెమట ఆరిన చారలు తప్ప ఏమీ లేవు. మోకాళ్ళ మీద కూలబడి, కొత్త మట్టి మీద రెండు చేతులూ పెట్టి బావురుమన్నాడు. ఉస్తాద్, ఉస్తాద్ అని పిలుస్తూనే ఉన్నాడు. అష్ఫాక్ పక్కన కూర్చుని వీపు నిమిరాడు. ఎవరో మూడు గుప్పెళ్ళ మట్టి వెయ్యమని చెబితే వేశాడు.

ఆ తర్వాత అతను పందెం తొక్కలేదు. కృష్ణారావుగారితో స్నేహం పోలేదు, ఒక్కమాట కూడా అనలేదు, ఆ ఒక్కమాటా అంటే బాగుండునని ఆయన ఇప్పటికీ అనుకుంటాడు. కప్పు అర్ఫా ఇంట్లో అలమారలో ఉంది. ఆటోనగర్ రోడ్డున జనాజా కనపడితే కరిముల్లా కొలిమి వదిలి పరిగెత్తి భుజం పడతాడు. నలభై అడుగులవగానే వెనకవాళ్ళు ఆనవాయితీ ప్రకారం ఇంక ఇవ్వండి అని చెయ్యి చాస్తారు. అతను ఇవ్వడు. ఖబరస్తాన్ దాకా తనే మోస్తాడు, ఎవరని మాత్రం అడగడు.